చూపు కోల్పోయినా చుక్క రహస్యం ఛేదించిన జోసెఫ్ ప్లాటో

కుళాయి నుంచి సన్నగా జారే నీటిధార కొంతదూరం నునుపుగా సాగి, ఆపై చుక్కలుగా విడిపోతుంది. ఈ నిత్యదృశ్యం వెనుక ఉన్న నియమాన్ని వెలికితీసిన ఆద్యుల్లో బెల్జియం భౌతికశాస్త్రవేత్త జోసెఫ్ ప్లాటో అగ్రగణ్యుడు. ద్రవాలపై ఆయన చేసిన కృషిలో అధికభాగం చూపు కోల్పోయిన తర్వాతే సాగింది.

ప్లాటో 1801 అక్టోబరు 14న బ్రసెల్స్‌లో జన్మించారు. తండ్రి పుష్పచిత్రకారుడు. బాల్యంలోనే తల్లిదండ్రులు మరణించారు. 1829లో లీజ్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ పొందారు. 1832లో ఆయన రూపొందించిన తిరిగే చిత్రఫలకం చలనచిత్రానికి తొలి మెట్లలో ఒకటి. 1835లో ఘెంట్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా చేరారు.

1840వ దశకం ప్రథమార్ధంలో ఆయన చూపు పూర్తిగా పోయింది. ఒక ప్రయోగం కోసం సూర్యుణ్ని తదేకంగా చూడడమే కారణమని చాలాకాలం భావించారు. కంటిలోపలి వాపు వ్యాధే కారణమై ఉండవచ్చని తర్వాతి వైద్యులు అభిప్రాయపడ్డారు.

అయినా పరిశోధన ఆగలేదు. ప్రయోగాన్ని ఆయన మనసులో రూపొందించేవారు. కుటుంబసభ్యులు, సహచరులు దానిని నిర్వహించి, చూసినదాన్ని వివరించేవారు. సమాన సాంద్రత గల నీరు, ఆల్కహాల్ మిశ్రమంలో నూనెను తేలియాడించి గురుత్వ ప్రభావాన్ని తొలగించారు. అప్పుడు నూనె ఆకృతిని నిర్ణయించేది తలతన్యత మాత్రమే. స్తంభాకార ద్రవం పొడవు దాని చుట్టుకొలతను, అంటే వ్యాసానికి సుమారు 3.14 రెట్లను మించితే నిలవదని తేల్చారు. చుక్కలుగా విడిపోతే ఉపరితల వైశాల్యం తగ్గడమే ఇందుకు కారణం. ధార ఎంత వేగంగా తెగుతుందో 1870వ దశకం చివరలో లార్డ్ రేలీ గణితంతో వివరించారు.

సబ్బునీటి పొరలు ఎందుకు నిలుస్తాయన్న ప్రశ్ననూ ప్లాటో చేపట్టారు. ఉపరితలపు స్నిగ్ధతే కారణమని ఆయన భావించగా, ఇటలీ శాస్త్రవేత్త మారంగోనీ విభేదించి, తలతన్యతలోని తేడాలను ముందుకు తెచ్చారు. ధారల విషయంలోనూ ఆ తేడాలు కీలకమే. సబ్బు వంటి సర్ఫాక్టెంట్ల అణువులు ఉపరితలానికి చేరి తలతన్యతను తగ్గిస్తాయి. ధార తెగడం నెమ్మదిస్తుంది. సన్నబడే మెడ వద్ద అవి పలచబడితే అక్కడ తలతన్యత పెరిగి, ఉపరితల ద్రవాన్ని తిరిగి మెడవైపు లాగుతుంది. పెద్ద చుక్కల నడుమ ఏర్పడే చిన్న చుక్కల పరిమాణమూ మారవచ్చు. ఇంక్‌జెట్ ముద్రణలో, పురుగుమందుల పిచికారీలో ఈ అంశం నేటికీ ముఖ్యమే.

తన ద్రవ పరిశోధనలను ప్లాటో 1873లో రెండు సంపుటాలుగా వెలువరించారు. 1883 సెప్టెంబరు 15న ఘెంట్‌లో కన్నుమూశారు. ధార చుక్కలుగా తెగే ఆ ధర్మం నేడు ప్లాటో–రేలీ అస్థిరత్వం పేరుతో పాఠ్యగ్రంథాల్లో నిలిచి ఉంది.