పట్టాలను తాకని రైలు: హెర్మన్ కెంపర్ జీవితము

ప్రయోగశాలలో అయస్కాంతము క్రింద ఇనుప మేకును గాలిలో నిలుపవలెనని ప్రయత్నించని విద్యార్థి మాలో ఉండడు. మేకు వెళ్ళి అంటుకొనును, లేదా రాలిపోవును. నడుమ మాత్రము నిలువదు. స్థిరమైన అయస్కాంతములతో అది సాధ్యము కాదని 1842లోనే ఎర్న్‌షా అను ఆంగ్లేయుడు గణితముతో నిరూపించెను. ఆ చిక్కును విప్పుటకే జీవితమును వెచ్చించిన ఒక జర్మన్ ఇంజనీరును మేము ఇక్కడ స్మరించదలచితిమి.

హెర్మన్ కెంపర్ 1892 ఏప్రిల్ 5న వాయవ్య జర్మనీలోని నోర్ట్రుప్ గ్రామమున జన్మించెను. విద్యుత్ ఇంజనీరింగు చదివెను. చక్రము లేని బండి ఆలోచన 1922 నాటికే ఆయన మనస్సున నాటుకొన్నది. చక్రమున్నంతకాలము రాపిడి, అరుగుదల, చప్పుడు తప్పవు కదా!

ఆయన యుక్తి ఇది. బండికి అమర్చిన విద్యుదయస్కాంతము ఇనుప పట్టాకు క్రిందివైపున ఉండి పైకి ఆకర్షింపబడును. ఎడము తగ్గినచో విద్యుత్తు తగ్గవలెను, పెరిగినచో పెరుగవలెను. ఈ సవరింపు మనిషి చేతికి అందునది కాదు. క్షణక్షణము దానంతట అదే జరుగవలెను. అయస్కాంతము స్థిరముగా ఉండనక్కరలేదని గ్రహించుటయే ఆయన ప్రతిభ అని మా అభిప్రాయము. 1934 ఆగస్టు 14న ఆయనకు పేటెంటు లభించెను. ఆ దశకములోనే 210 కిలోల బరువును తేలియాడించి చూపెను.

ఇంతలో యుద్ధము వచ్చెను. దరిదాపు ముప్పది యేండ్లు ఆ పేటెంటు కాగితముగానే ఉండిపోయెను. 1971లో మ్యూనిక్ సమీపమున ఒటోబ్రున్‌లో మనుష్యులను మోయగల ప్రయోగ వాహనము తేలి నడచునాటికి కెంపరునకు డెబ్బదితొమ్మిదేండ్లు. 1977 జూలై 13న ఆయన మరణించెను. మరి రెండేండ్లకు, 1979లో, హాంబర్గు ప్రదర్శనలో ఆ పద్ధతి బండి సందర్శకులను ఎక్కించుకొని తిరిగెను.

తరువాతి కథ అంత సుఖమైనది కాదు. హాంబర్గు–బెర్లిన్ మార్గమును 2000లో విరమించిరి. వ్యయమే ప్రధానమైన అడ్డంకి. 2006లో లాథెన్ పరీక్షా మార్గమున బండి మరమ్మతు వాహనమును ఢీకొని ఇరువదిముగ్గురు మరణించిరి. తప్పు తేలియాడించు విధానమున లేదు; మార్గము ఖాళీగా నున్నదని రూఢి చేసికొనకుండుటలోనే ఉన్నది. 2015లో గంటకు 603 కిలోమీటర్ల వేగమందుకొన్న జపాను బండిది అతివాహక అయస్కాంతముల దారి, అది వేరు. కెంపరు దారిన నడచిన ట్రాన్స్‌రాపిడ్ బండి ప్రయాణికుల నిత్యసేవకు వచ్చినది చైనాలోని షాంఘైలో, 2004లో, 30 కిలోమీటర్ల మేర. ఆయన పుట్టిన దేశమున అట్టి మార్గమొకటియు వేయబడలేదు.