రేడియో అన్నయ్య: న్యాయపతి రాఘవరావుగారి చరిత్రము

మన వార్షిక సంచికలయందు దాతలయు, పండితులయు, దేశసేవకులయు జీవితములు ప్రకటించుట వాడుక. ఈ పర్యాయము మేమొక రేడియో ప్రవక్త జీవితము నెన్నుకొంటిమి. ఆయన మన ఆదవాని సీమవారు గారు, ఎమ్మిగనూరువారును గారు. అయినను తెలుగు పిల్లలు గల ప్రతి యింటికిని ఆయన బంధువే. కావున పాఠకులును పోషకులును దీనిని పరాయి కథగా నెంచరని మా విశ్వాసము.

న్యాయపతి రాఘవరావుగారు 1905 ఏప్రిల్ 13వ తేదీన బరంపురమున జన్మించిరి. నాడది చెన్నరాజధానిలోని గంజాము సీమ. 1936లో ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రము కాగా, బరంపురము తెలుగువారి పాలనకు వెలియైపోయెను. మన ఆదవాని తాలూకాయు 1953 అక్టోబరు 1వ తేదీవరకు బళ్ళారి జిల్లాలోనిదే కదా! వీధిలో నొక భాష, బడిలో నొక భాష, ఇంటిలో నొక భాష వినుచు పెరుగు బిడ్డకు మాతృభాషలో తీయగా పలుకరించువా రుండుట యెంత యవసరమో సరిహద్దువారికి వేరుగ చెప్పనక్కరలేదు. 1934లో వీరికి కామేశ్వరమ్మగారితో వివాహమైనది. ఆ యిల్లాలిని విడిచి వీరి చరిత్రము వ్రాయుట పొసగదు.

1938 జూను 16న మదరాసు ఆకాశవాణి కేంద్రము ప్రారంభమైనది. ఎమ్మిగనూరులో మాచాని సోమప్పగారు చేనేతవారి సహకార సంఘమును నెలకొల్పినదియు నా సంవత్సరమే యని చెప్పినచో, ఆ కాలము మన పాఠకుల కండ్లకు గట్టును. ఆ కేంద్రమునుండి రాఘవరావుగారును కామేశ్వరమ్మగారును తెలుగు పిల్లల కార్యక్రమమును నడపిరి.

రేడియోలో మాటలాడుట సులువని యెంచువారు పలువురు గలరు. నాడు ముందుగ ధ్వని ముద్రించి, తప్పులు దిద్ది, వినిపించు సౌకర్యము అరుదు. పలికినది పలికినట్లే దేశమంతటను వినవచ్చెడిది. కాగితము కదలినను చప్పుడు వినిపించును. మైకునకు మూరెడు దూరమైనచో మాట సన్నగిల్లును. క్షణకాలము మౌనము వహించినచో యంత్రము చెడినదేమో యని శ్రోత మీటలు త్రిప్పును. పెద్దలకే యిట్టి పరీక్షయైనచో, ఏడెనిమిదేండ్ల పిల్లల నచట నిలిపి పాడించుట, మాటలాడించుట, నాటకములాడించుట యెంతటి పని! బెదరిన బిడ్డను గద్దింపరాదు, బుజ్జగించుటకు వ్యవధి లేదు. వీరు పిల్లలకు నీతులు చదివి వినిపించి యూరకుండినచో జీతమునకు లోపము లేకుండెడిది. అటుగాక పిల్లలచేతనే పలికించిరి. వీరి గొప్పతన మంతయు నిందే గలదని మా యభిప్రాయము.

ప్రవక్త తన పేరు చెప్పుకొనకుండుట నాటి రేడియో మర్యాద. రాఘవరావుగారు పేరు బదులు వరుస చెప్పిరి. ఆయన అన్నయ్య, కామేశ్వరమ్మగారు అక్కయ్య. మామయ్య యనినచో చనువు మితిమీరును, గురువుగా రనినచో భయము పుట్టును. అన్నయ్య యనుటలో చనువును గలదు, అదుపును గలదు. తెలుగిల్లు నెరిగినవారికే యీ యెన్నిక సాధ్యము. తుదకు లోకము వారి యింటిపేరును మరచి, రేడియో అన్నయ్య యనియే పిలిచినది.

అయినను మైకు ముందర నిలుచు భాగ్యము పట్టణపు పిల్లలకే లభించెడిది. మదరాసునకు ఆదవాని యెక్కడ! మన గ్రామములలో రేడియో పెట్టె నాడు సంపన్నుల యింటి వస్తువు. దానికి లైసెన్సు కావలెను, విద్యుత్తు లేనిచోట బ్యాటరీ కావలెను. 1948లో విజయవాడ కేంద్రము వెలసెను. నిజాము రేడియో 1950లో ఆకాశవాణిలో చేరెను. 1963లో కడప కేంద్రము వచ్చినది. దూరము తగ్గినకొలది పెట్టెలు పెరిగినవి. పత్రిక చదువవలెనన్న అక్షరములు రావలెను, చేతులు తీరికగ నుండవలెను. రేడియోకు రెండును వలదు. కండెలు చుట్టుచున్న బిడ్డయు చెవియొగ్గి వినగలదు. చదువునకు దూరమైన పిల్లలు గల కులముల కిది చిన్న మేలు కాదు.

దూరపు పిల్లలు గూడ పాల్గొనుటకై కాబోలు, ఆ దంపతులు 1945లో “బాల” పత్రికను వెలువరించిరి. అప్పటికి “చందమామ” పుట్టలేదు. దానికి పిల్లలే వ్రాసిరి, పిల్లలే బొమ్మలు గీసిరి. ముళ్ళపూడి వెంకటరమణగారి తొలి కథ యందే వెలువడినది. బాపుగారి చిన్ననాటి బొమ్మలకును అదే చోటు. ఒక పత్రిక యిట్టి యిద్దరిని బాల్యముననే పట్టుకొనుట యాదృచ్ఛికమని మేము నమ్మజాలము. వ్యాపారదృష్టితో చూచినచో అది లాభసాటి పని కాదు. 1959తో “బాల” నిలిచిపోయినది.

1956లో ఆంధ్రప్రదేశ్ అవతరణతో దంపతులు హైదరాబాదు చేరిరి. నారాయణగూడలో ఆంధ్ర బాలానంద సంఘము వారి కృషికి నిలయమైనది. ఆట, పాట, నాటకము నేర్చిన పిల్లలు అచటినుండి రేడియోకును రంగస్థలమునకును పోవుచుండిరి. 1977లో హైదరాబాదునకు దూరదర్శన్ వచ్చినది. అప్పటికి అన్నయ్యకు డెబ్బది రెండేండ్లు.

1980లో కామేశ్వరమ్మగారు కాలధర్మము నొందిరి. రాఘవరావుగారు 1984 ఫిబ్రవరి 24న దివంగతులైరి. తాతలైన పిదపను శ్రోతలకు ఆయన అన్నయ్యయే, ఆమె అక్కయ్యయే.