జావా మానవుడి వయసు కోసం జీవితకాలం వాదించిన యూజీన్ డ్యుబువా

నేడు హోమో ఎరెక్టస్‌గా పిలుస్తున్న అంతరించిన మానవ జాతికి చెందిన తొలి శిలాజాలను గుర్తించి లోకానికి పరిచయం చేసిన వ్యక్తి డచ్చి వైద్యుడు యూజీన్ డ్యుబువా. ఆయన పేరును నిలబెట్టినవి ఒక పుర్రె పైభాగం, ఒక తొడ ఎముక. అవి ఎంత పురాతనమైనవి, రెండూ ఒకే పొరలోవేనా అన్న ప్రశ్నలు ఆయన జీవితాన్ని ఆవరించాయి. ఆయన మరణించి ఎనిమిది దశాబ్దాలు దాటినా ఆ ప్రశ్నలు పూర్తిగా సమసిపోలేదు.

నెదర్లాండ్స్ దక్షిణ సరిహద్దులోని ఐస్డెన్ అనే చిన్న ఊరిలో 1858 జనవరి 28న డ్యుబువా జన్మించారు. తండ్రి ఔషధ విక్రేత. సున్నపురాతి కొండలు విస్తరించిన ఆ ప్రాంతంలో సముద్రజీవుల శిలాజాలు విరివిగా దొరికేవి. బాల్యంలోనే వాటిని ఏరి దాచుకోవడం ఆయనకు అలవాటైంది. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో వైద్యం చదివి, 1886లో అక్కడే శరీర నిర్మాణశాస్త్ర అధ్యాపకుడయ్యారు. స్వరపేటిక పరిణామంపై చేసిన పరిశోధన ఖ్యాతి ఎవరికి దక్కాలనే విషయంలో తన ఆచార్యుడితో పొరపొచ్చాలు వచ్చాయి. ఇతరులు తన ఫలితాలను అందిపుచ్చుకుంటారన్న అనుమానం ఆ తరువాత ఆయనను ఎన్నడూ విడిచిపెట్టలేదు.

మానవుడికీ వానరానికీ నడుమ ఒక జీవి ఉండి తీరాలని జర్మన్ శాస్త్రవేత్త ఎర్నెస్ట్ హేకెల్ ఊహించి, దొరకని ఆ జీవికి ముందుగానే పిథెకాంత్రోపస్ అని పేరు పెట్టారు. దానిని నిజంగా వెదకాలని డ్యుబువా నిశ్చయించుకున్నారు. తోకలేని వానరాలు ఉష్ణమండలంలోనే జీవిస్తాయి కనుక మానవ పూర్వీకులూ అక్కడే ఉండాలన్నది ఆయన తర్కం. భారతదేశపు శివాలిక్ కొండల్లో దొరికిన ఒక వానర దవడ శిలాజం ఈ నమ్మకానికి బలం చేకూర్చింది. అన్వేషణకు ధనసహాయం చేయడానికి ప్రభుత్వం నిరాకరించడంతో, 1887లో ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి, వలస సైన్యంలో వైద్యుడిగా చేరి, భార్యతో, పసిబిడ్డతో సుమత్రాకు ఓడ ఎక్కారు.

సుమత్రా గుహల్లో ఆశించిన ఫలితం దక్కలేదు. దొరికిన ఎముకలు మరీ ఇటీవలివని ఆయన పెదవి విరిచారు. వాటిలో లిడా అజర్ గుహలోని మానవ దంతాలు కూడా ఉన్నాయి. ఆధునిక మానవులు ఆగ్నేయాసియాకు 63,000 నుంచి 73,000 ఏళ్ల క్రితమే చేరుకున్నారనడానికి అవే ఆధారమని 2017లో తేలడం చరిత్రలోని ఒక చిత్రం. మలేరియాతో కుంగిన డ్యుబువా 1890లో జావాకు బదిలీ అయ్యారు. ప్రభుత్వం ఆయనకు ఇద్దరు సైనిక ఉద్యోగులనూ, సుమారు 50 మంది ఖైదీలనూ కేటాయించింది. అసలు తవ్వకం సాగించినది ఈ ఖైదీలే. వారి పేర్లు చరిత్రకెక్కలేదు.

సోలో నది ఒడ్డున, లావు అగ్నిపర్వతానికి చేరువలో ఉన్న ట్రినిల్ వద్ద 1891 సెప్టెంబరులో ఒక దంతం, అక్టోబరులో పుర్రె పైభాగం బయటపడ్డాయి. మరుసటి ఏడాది ఆగస్టులో, అక్కడికి 10 నుంచి 15 మీటర్ల దూరంలో ఎడమ తొడ ఎముక లభించింది. పుర్రె వానరాన్ని తలపించేంత పల్లంగా ఉంది. తొడ ఎముక మాత్రం నేటి మనిషి ఎముకను పోలి ఉంది. రెండూ ఒకే జీవివని నిర్ణయించి, హేకెల్ పెట్టిన పేరును అరువు తెచ్చుకుని, నిటారుగా నడిచే వానర మానవుడు అనే అర్థంలో పిథెకాంత్రోపస్ ఎరెక్టస్ అని నామకరణం చేస్తూ 1894లో బటావియాలో గ్రంథం ప్రచురించారు.

చిక్కంతా ఇక్కడే ఉంది. తవ్వకాలు సాగుతున్నప్పుడు డ్యుబువా ఎక్కువగా దూరంగా ఉన్న తన నివాసంలోనే ఉండేవారు. ఎముకలను పెట్టెల్లో పెట్టి ఆయనకు పంపేవారు. ఏ ఎముక ఏ పొరలో, ఎంత లోతులో ఉందో నేటి పురావస్తు పరిశోధకులు రాసిపెట్టుకునే తీరులో ఆనాడు నమోదు కాలేదు. నది తన గట్లను కోస్తూ, పాత ఎముకలను తెచ్చి కొత్త ఇసుకలో కలపగలదు. కనుక ఎముక చెంత ఎముక దొరికినంత మాత్రాన రెండూ ఒకే కాలానివని చెప్పడం కష్టం.

శిలాజాల వయసును సంవత్సరాల్లో లెక్కించే పద్ధతి అప్పటికి లేదు. వాటితోపాటు దొరికిన జంతువులే కాలానికి కొలమానం. ట్రినిల్‌లో అంతరించిన స్టెగోడాన్ ఏనుగులు, జింకలు, దుప్పుల ఎముకలు వేల సంఖ్యలో లభించాయి. వాటిని పోల్చి చూడటానికి డ్యుబువా 1895లో భారతదేశానికి వచ్చి, కలకత్తా మ్యూజియంలోని శివాలిక్ శిలాజాలను పరిశీలించారు. రెండింటి పోలికలను బట్టి ట్రినిల్ పొర ప్లయోసీన్ యుగం చివరిదని తీర్మానించారు. పొర ఎంత పాతదైతే తన జీవి మానవ పూర్వీకుడు కావడానికి అంత వీలు. కాబట్టి ఈ నిర్ణయంలో శాస్త్రంతోపాటు ఆశ కూడా పనిచేసిందనుకోవాలి.

అదే ఏడాది లైడెన్‌లో జరిగిన అంతర్జాతీయ జంతుశాస్త్ర సభలో ఆయన ఎముకలను ప్రదర్శించారు. పండితులు మూడు వర్గాలుగా చీలిపోయారు. కొందరికి అది వానరం, కొందరికి మనిషి, కొందరికి మాత్రమే మధ్యస్థ జీవి. కొన్నేళ్లు ఓపికగా వాదించిన డ్యుబువా 1900 తరువాత మౌనం వహించారు. హార్లెమ్‌లోని టైలర్స్ మ్యూజియంలో ఆ శిలాజాలను భద్రపరచి, ఎవరికీ చూపకుండా రెండు దశాబ్దాలకు పైగా దాచి ఉంచారు. 1907లో మార్గరెటే సెలెంకా అనే జర్మన్ మహిళ నాయకత్వంలో ఒక బృందం ట్రినిల్‌ను మళ్లీ తవ్వింది. వారికి మానవ శిలాజమేదీ దొరకలేదు. పైగా ఆ పొర ప్లయోసీన్‌ది కాదని, అంతకంటే తరువాతిదైన ప్లయిస్టొసీన్ యుగానిదని వారు తేల్చడం డ్యుబువాకు పెద్ద దెబ్బ. ఇతర శాస్త్రవేత్తల ఒత్తిడి పెరగడంతో 1923లో ఆయన పెట్టె తెరిచారు.

చైనాలోని జౌకౌడియన్‌లో, జావాలోనే సాంగిరాన్‌లో ఇలాంటి పుర్రెలు బయటపడినప్పుడు వాటితో తన శిలాజానికి బంధుత్వాన్ని ఆయన అంగీకరించలేదు. తన వాదానికి బలమిచ్చే సాక్ష్యాన్నే తిరస్కరించి, ఒంటరిగా 1940 డిసెంబరు 16న కన్నుమూశారు. 1950లో ఎర్నెస్ట్ మేయర్ ప్రతిపాదనతో పిథెకాంత్రోపస్ హోమో ఎరెక్టస్‌లో కలిసిపోయింది.

వయసు ప్రశ్నకు జవాబు అగ్నిపర్వత బూడిద నుంచి, ఇసుక రేణువుల నుంచి వచ్చింది. బూడిదలోని ఖనిజాలలో పొటాషియం క్షీణించి ఆర్గాన్ వాయువుగా మారే వేగం తెలుసు. ఇసుక రేణువు చివరిసారిగా వెలుగు చూసిన కాలాన్నీ లెక్కించవచ్చు. డ్యుబువా పంపిన పెట్టెల్లోని మంచినీటి ఆల్చిప్పల లోపల చిక్కుకున్న మట్టిని ఈ రెండు పద్ధతుల్లో పరీక్షించగా, అది 4,30,000 నుంచి 5,40,000 ఏళ్ల నాటిదని తేలింది. వాటిలో ఒక చిప్పపై ఎవరో పదునైన పరికరంతో గీసిన వంకర గీతలు కూడా కనిపించాయి. ఆ తరువాతి అధ్యయనాలు ట్రినిల్‌లో వేర్వేరు కాలాల శిలాజ పొరలు ఒకదాన్నొకటి కోసుకుంటూ ఉన్నాయని వెల్లడించాయి. పుర్రె కంటే తొడ ఎముక చాలా తరువాతిది కావచ్చన్న సందేహం దీనితో మరింత బలపడింది.

డ్యుబువా సేకరించిన 28,000కు పైగా శిలాజాలను ఇండోనేషియాకు తిరిగి ఇస్తామని 2025 సెప్టెంబరులో నెదర్లాండ్స్ ప్రకటించింది. స్థానికులకు ఆ ఎముకలు పవిత్రమైనవని, వాటి చోట్లను వారిచేత బలవంతంగా చెప్పించారని విచారణ సంఘం నిర్ధారించింది.