స్వరశిల్పి మాస్టర్ వేణు

తెరపై నటించే నటుని లోకం గుర్తిస్తుంది. గళమెత్తి పాడే గాయకుని హృదయంలో నిలుపుకుంటుంది. వారి వెనుక మెట్లవాద్యం ముందు కూర్చొని స్వరాలు పలికించే వాద్యకారుని పేరు మాత్రం పెక్కుమందికి తెలియదు. అట్టి వాద్యకారులలో అగ్రగణ్యుడు మన కృష్ణా మండలానికి చెందిన మాస్టర్ వేణు.

ఆయన అసలు పేరు మద్దూరి వేణుగోపాల్. 1916లో మచిలీపట్నంలో జన్మించారు. హార్మోనియం లేనిదే పద్యనాటకం రక్తికట్టని కాలమది. బాల్యం నుండే సంగీతం అభ్యసించిన వేణు మద్రాసు చేరి చిత్రసీమలో ప్రవేశించారు. బొంబాయిలో కూడ సంగీతశిక్షణ పొందారు.

చికాగో నగరంలో లారెన్స్ హామండ్ 1935లో విద్యుత్ ఆర్గన్‌ను వెలువరించాడు. గాలితిత్తులు లేని ఆ వాద్యంలో లోహచక్రాలు అయస్కాంతాల చెంత తిరుగగా పుట్టే విద్యుత్ తరంగాలే నాదంగా మారుతాయి. చర్చిల కొరకు ఉద్దేశించిన ఆ వాద్యాన్ని 1960లలో పాశ్చాత్య రాక్ బృందాలు స్వీకరించాయి. డీప్ పర్పుల్ బృందానికి చెందిన జాన్ లార్డ్ దానిపైననే విశ్వఖ్యాతి గడించాడు. అంతకు ఎన్నో ఏండ్ల ముందే అది మద్రాసులోని విజయా సంస్థకు చేరింది. ఘంటసాల సంగీతం సమకూర్చిన 'పాతాళభైరవి' (1951)లో దానిని పలికించినవారు వేణు.

ఇట్టి నూతన వాద్యంలో ఆరితేరిన వ్యక్తి సంగీత దర్శకుడైన పిదప పాశ్చాత్య బాణీలకే అంకితమై ఉండవచ్చునని తోచడం సహజం. కాని ఆయనకు చిరయశస్సు తెచ్చినది పల్లెపదం. 1955లో తాపీ చాణక్య దర్శకత్వంలో వచ్చిన 'రోజులు మారాయి' చిత్రం రైతు జీవితాన్ని చిత్రించింది. బాపట్ల ప్రాంతపు అప్పికట్లలో పుట్టిన కొసరాజు అందులో ఏరువాక పాట రచించారు. జిక్కి పాడగా వహీదా రెహమాన్ నర్తించారు. ఆ విజయమే ఆమెను గురుదత్ దృష్టికి తెచ్చి, హిందీ చిత్రసీమకు చేర్చింది. ఆ బాణీ సైతం ఎస్. డి. బర్మన్ చేతిలో 'బంబయి కా బాబు' (1960) పాటగా రూపొందింది. దుక్కిచాలు వెంట పుట్టిన బాణీ భాషల ఎల్లలు దాటింది.

'తోడికోడళ్ళు' (1957), 'మాంగల్యబలం' (1959) వంటి చిత్రాలు ఆయన కీర్తిని ఇనుమడింపజేశాయి. 1981లో ఆయన పరమపదించారు.

కొత్త యంత్రం రాగానే పాతదంతా వ్యర్థమని భావించడం, పాతదానిపై మమకారంతో కొత్తదానిని నిరసించడం, రెండూ యువతకు తగవు. చికాగో వాద్యాన్ని వశపరచుకొని కూడ కృష్ణాతీరపు పొలంపాటను విడువని వేణు జీవితం విద్యార్థిలోకానికి బోధించే పాఠమిదే.