రాతి పోకడ తెలిసిన కాటన్ దొర

మన పెందుర్తిలో రాతిగోడ కట్టు తాపీమేస్త్రీని చూడని విద్యార్థి ఉండడు. అతడు రాతిని రెండుమూడుసార్లు తిప్పి, వెడల్పు ముఖమును అడుగుకు చేర్చి గాని వదలడు. బంతి ఎటు తిరిగినా ఒకటే. కోణములు గల రాయి అట్లు కాదు. అది ఏ ముఖముపై కూర్చున్నదో, పక్కరాతిని ఎచ్చట తాకుచున్నదో దానిని బట్టియే కట్టడపు బలము. ఈ సత్యమును నమ్మి గోదావరిని నిలిపిన సర్ ఆర్థర్ కాటన్‌ను మేము ఇచ్చట స్మరించుచున్నాము.

1803లో ఇంగ్లండులో జన్మించిన కాటన్ 1821లో ఇంజనీరుగా మద్రాసు చేరినాడు. తంజావూరు సీమలో ఆయనకు ఒక గురువు దొరికినది. అది మనిషి కాదు, కావేరిపై చోళులు కట్టిన కల్లణై. దాని అడుగున రాతినేల లేదు, లోతు తెలియని ఇసుక కలదు. అయినను అది శతాబ్దములుగా నిలిచినది. ఇసుకలో వేసిన మొరటు రాళ్ళు తమ బరువుకు కొంత దిగి, ప్రవాహపు తోపుడుకు సర్దుకొని, ఒకదాని కోణము మరొకదానిలో ఇరుకుకొని కుదుటపడును. దిగిన చోట మరల రాళ్ళు వేసినచో అవియు అట్లే నిలుచును. ఈ విద్యను ఇచ్చటి పూర్వులే నేర్పిరని కాటన్ దాచక ఒప్పుకొన్నాడు. పాలించువారిలో అట్టి నిజాయితీ ఆనాడు అరుదని మా అభిప్రాయము. 1836లో కొల్లిడంపై లేచిన ఆనకట్టలు ఆ పాఠమునకు ఫలములే.

ఆరోగ్యము చెడి కొంతకాలము విదేశమున గడిపి వచ్చిన పిమ్మట, ఆయన మన విశాఖపట్నమున సముద్రపు కోతను ఆపుటకు కట్టలు వేయించినాడు. అటుపిమ్మట గోదావరి మండలము చేరినాడు. 1832-33 నాటి నందన కరువు గాయము ఆ సీమలో ఇంకను మానలేదు. పక్కనే మహానది పారుచుండగా జనము ఆకలితో చచ్చిరి. 1847లో ధవళేశ్వరము వద్ద పని మొదలైనది. అచ్చటి కొండరాయి, నాలుగు పాయలు, అడుగున మరల ఇసుకయే! ఇసుక జారినచో ఒక డెల్టా ఆశ జారినట్లే. వీణెం వీరన్న వంటి తెలుగువారి శ్రమతో 1852కు ఆనకట్ట పూర్తియైనది.

1971లో పీటర్ కండల్ ఒక్కొక్క రాతిని విడి వస్తువుగా తీసికొని, దాని కదలికను, తాకిడిని కంప్యూటరుతో గణించు పద్ధతిని ప్రకటించినాడు. గుండ్రని రేణువుల లెక్క సులభము. పలకరాతికి దిశను కూడ లెక్కింపవలెను. విద్యార్థులు ఒక పుస్తకమును రెండు అక్షములపై వరుస మార్చి తిప్పి చూచిన యెడల, అది రెండు వేరు నిలుకడలకు చేరును. ఈ చిక్కును విప్పుటకు వాడు క్వాటర్నియన్లను హామిల్టన్ కనిపెట్టినది 1843లో, అనగా ధవళేశ్వరపు పనికి నాలుగేండ్ల ముందే. కాటన్‌కు ఆ గణితముతో పని లేకపోయినది. నదియే ఆయన రాళ్ళను తిప్పి కూర్చుండబెట్టినది.

కాటన్ 1899లో మరణించినాడు. 1982లో కొత్త బ్యారేజీ పూర్తియగువరకు ఆ పాత ఆనకట్టయే డెల్టాకు నీరిచ్చినది.