శిశువుల మూత్రపిండముల మర్మము నెఱిగిన మెకాన్స్

పసిబిడ్డను పెద్దవారి కొలతతో కొలువరాదు. ఈ సత్యమును మూత్రపిండముల విషయమున ప్రయోగపూర్వకముగా చూపిన వారిలో ముఖ్యుడు రాబర్ట్ అలెగ్జాండర్ మెకాన్స్.

ఆయన 1898 డిసెంబరు 9వ తేదీన ఐర్లండు ఉత్తరభాగమున, బెల్‌ఫాస్ట్ నగరసమీపమున జన్మించెను. మొదటి ప్రపంచయుద్ధమున నౌకాదళపు విమానములను నడిపి, పిదప కేంబ్రిడ్జిలో జీవరసాయన శాస్త్రమును, లండనులోని కింగ్స్ కాలేజి ఆసుపత్రిలో వైద్యమును అభ్యసించెను.

మధుమేహ రోగుల కొఱకు ఆయన పండ్లలోను, కూరలలోను గల పిండిపదార్థములను, చక్కెరలను లెక్కగట్టెను. 1933లో ఎల్సీ విడోసన్ అను యువతి ఆ లెక్కలలో ఒక లోపమును ఎత్తిచూపెను. మెకాన్స్ కినుక వహింపక, ఆమెను తన పరిశోధనలో చేర్చుకొనెను. వారి సహకారము సుమారు అరువదియేండ్లు సాగెను. ఆహారపదార్థములలో ఏది యెంత కలదో తెలుపుచు 1940లో వారు ప్రకటించిన గ్రంథము లోకప్రసిద్ధము.

ప్రయోగములలోని కష్టమును తానే ముందుగా అనుభవించుట మెకాన్స్ స్వభావము. ఉప్పులేని ఆహారము భుజించుచు, దినదినము చెమట పట్టించుకొని, దేహమున ఉప్పు తఱిగినచో ఏమగునో తనపైనను, ఇష్టపడి ముందునకు వచ్చిన వారిపైనను పరీక్షించెను. నీరసము కలిగెను, కండరములు పట్టివేసెను, ఆహారము రుచింపకపోయెను. ఇట్లు ఉప్పును, నీటిని, మూత్రపిండములను గూర్చి విచారించుచు ఆయన పసిబిడ్డల విషయమునకు వచ్చెను.

1941లో యంగ్ గారితో కలిసి ఆయన నవజాతశిశువుల మూత్రమును గూర్చిన పరిశోధనను ప్రకటించెను. శిశువు దేహము చిన్నదను సంగతిని లెక్కలోనికి తీసికొన్నను, రక్తమునుండి యూరియాను తొలగించు శక్తి వారికి పెద్దలకన్న మిక్కిలి తక్కువగా కనబడెను. మూత్రము పలుచగా నుండెను. నీరు చాలనప్పుడు మూత్రమును చిక్కబఱచి నీటిని నిలుపుకొనుటకు పెద్దలకుగల శక్తిలో సుమారు సగమే శిశువునకు కలదు.

మూత్రపిండములు ఇంత అశక్తములైనచో, తల్లిపాలు త్రాగు బిడ్డ ఎట్లు ఆరోగ్యముగా నున్నది? ఈ ప్రశ్నకు సమాధానము పందిపిల్లలవలన లభించెను. పుట్టినవెంటనే కొన్నిటికి నీరు మాత్రమే యిచ్చిరి. కొన్నిటికి తల్లిపాలు ఇచ్చిరి. నీరు మాత్రమే త్రాగినవాని రక్తమున యూరియా పెరిగెను. మాంసకృత్తులు గల పాలు త్రాగినవాని రక్తమున అది పెరుగలేదు. ఏలన, ఆ మాంసకృత్తులు దేహవృద్ధికే వినియోగపడెను. వ్యర్థమై మూత్రపిండములను చేరినది స్వల్పము. పెరుగుదలయే మూడవ మూత్రపిండమువలె పనిచేయుచున్నదని 1956 నాటికి తేలెను. పెద్దవారితో పోల్చి లోపమనుకొన్నది, తల్లిపాలతో పెరుగు బిడ్డకు లోపమే కాదు.

కాని బిడ్డ జబ్బుపడి పెరుగుదల నిలిచినను, విరేచనములచే నీరు పోయినను, ఆ రక్షణ తొలగును. ఆవుపాలలో మాంసకృత్తులు తల్లిపాలలోకన్న సుమారు మూడు రెట్లు, లవణములును అధికము. ఆ మిగులు భారము లేత మూత్రపిండములపై పడును. ఇట్టి పరిశోధనల ఫలితముగా 1970వ దశకమున బ్రిటనులో శిశువుల పాలపొడులలో లవణములను తగ్గించిరి. మొదటి ఆరుమాసములు బిడ్డకు తల్లిపాలే చాలునని నేటి వైద్యుల బోధ. పాలపొడి వాడవలసివచ్చినచో, బలము కలుగునని చిక్కగా కలుపుట హానికరమని తల్లిదండ్రులు గుర్తింపవలెను.

మెకాన్స్ 1945 నుండి 1966 వఱకు కేంబ్రిడ్జిలో ఆచార్యుడుగా నుండెను. విశ్రాంతి వయస్సు వచ్చినను విశ్రమింపక, ఆఫ్రికాలోని ఉగాండాకు పోయి పోషణలేక కృశించిన బిడ్డల వైద్యసంస్థకు రెండేండ్లు నాయకత్వము వహించెను. 1993లో తన తొంబదినాలుగవ యేట మరణించెను.

విద్యార్థులారా! చిన్నదానిని చూచి కొఱతగలదని తీర్పుచెప్పుట సులభము. అది దేనికొఱకు అట్లున్నదో ఓపికతో విచారించుటయే శాస్త్రము. మెకాన్స్ జీవితము మనకు నేర్పు పాఠమిదియే.