మరిచిపోయిన ఆమెను మరవని డాక్టర్



ఇంట్లో తాతయ్యో, నానమ్మో అడిగిందే పదిసార్లు అడిగితే, వయసు మీద పడిందిలే అని ఊరుకుంటాం. అలా ఊరుకోని ఒక డాక్టర్ గురించి ఈ నెల తెలుసుకుందాం.

అలోయిస్ అల్జీమర్ 1864 జూన్ 14న జర్మనీలో పుట్టారు. 1887లో డాక్టర్ పట్టా అందుకుని, మరుసటి ఏడాది ఫ్రాంక్‌ఫర్ట్‌లోని మానసిక వైద్యశాలలో చేరారు. రోగులను చూస్తూనే, మిత్రుడు ఫ్రాంజ్ నిస్‌ల్‌తో కలిసి మెదడు కణాలను మైక్రోస్కోప్‌లో పరిశీలించేవారు.

1901లో ఆయన భార్య, ముగ్గురు పిల్లలను వదిలి కన్నుమూశారు. అదే ఏడాది నవంబరులో ఆగుస్తే డీటర్ అనే 51 ఏళ్ల గృహిణిని ఆసుపత్రిలో చేర్చారు. పేరు రాయమంటే సగంలోనే మరిచిపోయారు. కాలీఫ్లవర్ తింటూ పాలకూర అన్నారు. అల్జీమర్ విసుక్కోలేదు. ఓపిగ్గా ప్రశ్నలు అడిగి, ప్రతి జవాబునూ రాసిపెట్టారు. ఊరు మారినా ఆమె గురించి తెలుసుకుంటూనే ఉన్నారు.

1906 ఏప్రిల్‌లో ఆమె మరణించాక, మెదడును తెప్పించుకుని పరీక్షించారు. కణాల మధ్య మచ్చలు, కణాల లోపల చిక్కుపడ్డ దారాల్లాంటి పోగులు కనిపించాయి. ఆ నవంబరులో ట్యూబింగెన్‌లో జరిగిన వైద్యుల సభలో ఈ విషయం చెబితే ఎవరూ పట్టించుకోలేదు. 1910లో ప్రొఫెసర్ ఎమిల్ క్రేపెలిన్ తన పుస్తకంలో ఆ జబ్బుకు అల్జీమర్ పేరే పెట్టారు. 1915 డిసెంబరు 19న అల్జీమర్ చనిపోయారు. అప్పటికి ఆయన వయసు కూడా 51 ఏళ్లే.

ఆయన చూసిన గుర్తులు రోగి చనిపోయాకే దొరికాయి. ఇప్పుడు మచ్చల్లోని అమిలాయిడ్, పోగుల్లోని టావ్ అనే ప్రొటీన్ల జాడను మనిషి బతికుండగానే పెట్ స్కాన్‌లో, వెన్నెముక ద్రవంలో, రక్తంలో గుర్తిస్తున్నారు. వీటినే బయోమార్కర్లు అంటారు. జబ్బు ఏ దశలో ఉందో అంచనా వేయడానికి ఇవి తోడ్పడతాయి. 2025 మేలో అమెరికా ఇలాంటి మొదటి రక్తపరీక్షకు అనుమతి ఇచ్చింది. అయితే అది లక్షణాలు ఉన్నవారికే. పరీక్ష ఒక్కటే సరిపోదు, డాక్టర్ మనిషిని చూడాలి, మాట్లాడాలి.

మతిమరుపు అంతా అల్జీమర్స్ కాదు. బి12 లోపం, థైరాయిడ్, దిగులు వల్ల కూడా రావచ్చు. వాటికి చికిత్స ఉంది. కాబట్టి ఇంట్లో పెద్దవారిలో మార్పు కనిపిస్తే తేదీతో సహా రాసి, డాక్టర్‌కు చూపించండి. వాళ్లు అడిగిందే అడిగినా విసుక్కోకుండా జవాబు చెప్పండి. మనల్ని చూసే పిల్లలు ఓపిక నేర్చుకుంటారు.